పత్రికలకూ బ్లాగులకూ రాసి బతకవచ్చా? బతకవచ్చు, అకౌంట్స్ విభాగంతో స్నేహం ఉంటే

“ఉద్యోగం మానేసి పత్రికలకూ బ్లాగులకూ ఫ్రీలాన్స్‌గా రాస్తే ఇల్లు గడుస్తుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?” అన్నది ప్రశ్న.

గడుస్తుంది. నాకు ఏళ్ల తరబడి అలాగే గడుస్తోంది. అయితే ఇలాంటి ప్రశ్నకు అందరూ అప్పజెప్పే పాఠం నేను చెప్పను. రోజూ రాయండి, శైలికి సానబెట్టుకోండి, పట్టు వదలకండి వగైరా రాయడానికి పనికొచ్చే మాటలు. మీరు అడిగింది డబ్బు గురించి. బాగా రాసేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. రాసినదానికి డబ్బు రాబట్టుకోగలిగినవాళ్లే తక్కువ. ఆ విద్య రానివాళ్లు రాతలో ఎంత ఘనులైనా కొన్నాళ్లకు మళ్లీ ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతారు. చూస్తూనే ఉన్నాను.

ఒక మాసపత్రిక సంగతి చెబుతాను. చేతి గడియారాలు బాగుచేసేవాళ్ల మీద ఫీచర్ రాస్తానని ప్రతిపాదన పంపాను. అందరూ ఫోనులో టైము చూసుకుంటున్న రోజుల్లో కూడా ఆ పని ఎలా బతికి ఉంది, కంటికి భూతద్దం బిగించుకుని గంటలకొద్దీ కూర్చునే ఆ మనుషుల ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది అన్నది నా ఆసక్తి. సంపాదకుడికి నచ్చింది. “పంపండి, ప్రచురించాక పారితోషికం ఇస్తాం” అన్నారు.

అచ్చయ్యాకే డబ్బు అనే ఈ పద్ధతే ఈ వృత్తిలో సగం కష్టాలకు మూలం. మనం రాసి ఇచ్చేశాక అచ్చు వేసేది ఎప్పుడో వాళ్ల ఇష్టం. ఆరు నెలలు సొరుగులో పెట్టుకున్నా మాట తప్పినట్టు కాదు. అసలు వేయకపోయినా కాదు.

నా వ్యాసం ప్రత్యేక సంచిక కోసం ఆగింది. ఆ ప్రత్యేక సంచిక అంశమే మారిపోయింది. ఒక ఉపసంపాదకుడు సగానికి తగ్గించమంటే తగ్గించాను. కొన్నాళ్లకు ఇంకొకరు “విషయం కాస్త పలచగా ఉంది, వివరాలు చేర్చండి” అన్నారు. తీసేసిన సగాన్నే ఎక్కడిదక్కడ అతికించి పంపితే “ఇప్పుడు నిండుగా ఉంది” అని మెచ్చుకున్నారు. ఈలోగా సంపాదకుడు వేరే చోటికి వెళ్లిపోయారు. కొత్తగా వచ్చినవారికి ఈ వ్యాసం ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో తెలియదు. అయినా ఒక సంచికలో రెండు పేజీలు ఖాళీ పడ్డాయి కాబోలు, అచ్చయింది. చేతి గడియారాల వ్యాసానికి నెత్తిన రెండు గంటలున్న అలారం గడియారం బొమ్మ వేశారు.

ఇన్వాయిస్ పంపాను. అకౌంట్స్ నుంచి కొర్రీలు మొదలయ్యాయి. మీ పేరు మా జాబితాలో లేదు, ఫారం నింపండి. నింపాను. ఇన్వాయిస్ తేదీ సంచిక తేదీకి ముందుంది, మార్చండి. మార్చాను. ఆర్డర్ నంబరు వేయలేదు. అది ఎవరిస్తారంటే సంపాదక విభాగం. సంపాదక విభాగాన్ని అడిగితే, అది అకౌంట్స్ వాళ్ల పని కదా అని ఆశ్చర్యపోయారు.

ఈమెయిళ్లు కట్టిపెట్టి ఫోన్ చేశాను. ఒకావిడ ఎత్తారు. నా డబ్బు ఎప్పుడొస్తుందని అడగలేదు. “ఈ బిల్లు ఇప్పుడు ఎవరి ఆమోదం కోసం ఆగిందో చూసి చెబుతారా?” అన్నాను. కీబోర్డు టకటకలాడింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ నవ్వు ఆపుకుంటూ, “పాత ఎడిటర్ గారి పేరు మీద ఉందండీ. ఆయన వెళ్లిపోగానే లాగిన్ మూసేశారు. మీ బిల్లు అందులోనే ఉండిపోయింది, ఇంకెవరికీ కనిపించదు” అన్నారు. సంస్థలో లేని మనిషి, లేని ఖాతా తెరిచి, ఆమోదం మీట నొక్కితే గానీ నాకు డబ్బు రాదన్నమాట. “కొత్త ఎడిటర్ గారికి మార్చమంటారా?” అని అడిగారు. “మీకు పుణ్యముంటుంది” అన్నాను. తర్వాతి విడతలోనే డబ్బు ఖాతాలో పడింది.

ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ ఇంకో మాట అన్నారు. “రచయితలంతా ఎడిటర్లకే రాస్తారండీ. వాళ్లు మాకు పంపిస్తారో లేదో ఎవరికి తెలుసు? మేము చెల్లింపులు నెలకోసారే చేస్తాం. ఆ గడువు దాటితే మళ్లీ నెలకే. గడువు ఎప్పుడో మమ్మల్ని ఒక్కరూ అడగరు.”

ఇప్పుడు ఏ పత్రికతో పనిచేసినా, మొదటి వాక్యం రాయకముందే ఆ గడువు తేదీ, ఆ పని చూసే మనిషి పేరు కనుక్కుంటాను. సంపాదకులు మారుతుంటారు. అకౌంట్స్‌లో మనిషి అక్కడే ఉంటారు. ఎంతసేపూ సంపాదకుల చుట్టూ తిరిగేవాళ్లకు ఈ సంగతి తట్టదు.

డబ్బు అడగడం నామోషీ అనుకునే రచయితలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు అడగరు కాబట్టే మిగతావాళ్లం అడిగితే వింతగా చూస్తారు. పంపు బాగుచేయడానికి వచ్చినవాడు పని కాగానే చేయి చాస్తాడు, ఎవరూ నొచ్చుకోరు. రచయిత అడిగితే మాత్రం “సాహిత్యం మీద ప్రేమతో రాస్తారనుకున్నామే!” అంటారు. ఇంకో రకం వాళ్లుంటారు: “ప్రస్తుతానికి బడ్జెట్ లేదు గానీ మీకు మంచి గుర్తింపు వస్తుంది.” ఆ మాట అన్న మనిషికి మాత్రం జీతం నెలనెలా పడుతూనే ఉంటుంది.

ఇది చట్టం చేయాల్సినంత పెద్ద బెడద అని న్యూయార్క్ నగరం గుర్తించింది. ఫ్రీలాన్స్ పని చేసినవాళ్లకు డబ్బు ఎగ్గొట్టకుండా అక్కడ ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది, 2017 మే నుంచి అమల్లోకి వచ్చింది. 800 డాలర్లు, ఆపైన విలువున్న పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. చెల్లింపు తేదీ ఒప్పందంలో లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. ఎగ్గొడితే కోర్టు రెట్టింపు ఇప్పించవచ్చు. అలాంటి చట్టం లేనిచోట మన ఈమెయిలే మన చట్టం. పని ఒప్పుకునేటప్పుడు నాలుగు ముక్కలు రాసి పంపండి: ఎంత పొడవు, ఎంత డబ్బు, వ్యాసం ఆమోదించిన ఎన్నాళ్లకు, ఎన్నిసార్లు మార్పులు. అచ్చు వేయడం మానుకుంటే ఇచ్చే పరిహారం కూడా అందులో ఉండాలి. దాన్ని కిల్ ఫీ అంటారు, మొత్తంలో కొంత శాతం. “అలాగే” అని ఒక్క మాట జవాబు తెప్పించుకున్నాకే పని మొదలుపెట్టండి. కొందరు ఆ జవాబు ఇవ్వరు. వాళ్లు డబ్బూ ఇవ్వరు. ముందే తెలియడం మంచిదే.

అసలు డబ్బు ఎక్కడుందో ఇంకా చెప్పలేదు. హక్కుల్లో ఉంది. ఆ గడియారాల వ్యాసానికి పత్రికకు ఇచ్చింది మొదటిసారి ప్రచురించుకునే హక్కు మాత్రమే. మిగతాదంతా నాదే. అందుకే అదే సమాచారాన్ని తిరగరాసి పిల్లల పత్రికకు ఇవ్వగలిగాను. గడియారాల పట్టీలు అమ్మే ఒక సంస్థ బ్లాగుకు వేరే కోణంలో ఇంకోటి రాశాను. నన్ను ఏడిపించిన ఆ మాసపత్రిక ఇచ్చినదానికంటే ఆ పట్టీల సంస్థ ఇచ్చిందే ఎక్కువ, అదీ వారంలోగా. “సర్వహక్కులూ మావే” అన్న కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఇవేవీ కుదిరేవి కావు.

రాసిన క్షణం నుంచే రచన మీద హక్కు రచయితది. ఎక్కడా నమోదు చేయించక్కరలేదు. కాపీరైట్ గురించి దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందానికి 1908లో చేసిన సవరణతో ఆ సూత్రం స్థిరపడింది, ఇప్పుడు ప్రపంచంలో చాలా దేశాలు పాటిస్తున్నాయి. మన నుంచి ఆ హక్కు పోయేది మనం సంతకం పెట్టినప్పుడే. అమెరికాలో కొందరు ఫ్రీలాన్స్ రచయితలు, పత్రికల్లో వచ్చిన తమ వ్యాసాలను అడగకుండా ఎలక్ట్రానిక్ డేటాబేసుల్లో పెట్టారని పెద్ద ప్రచురణ సంస్థల మీద కోర్టుకెక్కారు. న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ టసీనీగా పేరుపడిన ఆ కేసులో 2001లో అక్కడి సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో రచయితల పక్షాన తీర్పు చెప్పింది. గెలిచారు, సంతోషమే. కానీ అప్పటికే ప్రచురణకర్తలు ఒప్పందాలు మార్చి, డిజిటల్ హక్కులన్నీ ముందే రాయించుకోవడం మొదలుపెట్టారు. చదవకుండా సంతకం పెట్టేవాళ్లను ఏ తీర్పూ కాపాడలేదు.

ఇక బ్లాగులు. సొంత బ్లాగు పెట్టుకుని ప్రకటనల మీద బతుకుతానంటే నేను వద్దనే అంటాను. బ్లాగుల్లో ప్రకటనలు వేసి, రాబడిలో వాటా ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో వచ్చిన కొత్తలో ఆ ఆశకు కాస్త అర్థం ఉండేది. ఇప్పుడు దారిన పోయేవాళ్లంతా మన బ్లాగులోకి తొంగిచూస్తే తప్ప చెప్పుకోదగ్గ డబ్బు రాదు. పైగా రాబడి మొత్తం గూగుల్ చేతిలో ఉంటుంది. 2011 ఫిబ్రవరిలో గూగుల్ తన వెతుకులాట పద్ధతిలో పాండా అని ఒక మార్పు తెచ్చి, జనం వెతికే పదాలు కుక్కి వండివార్చిన చవకబారు వ్యాసాల సైట్లను వెతుకులాట ఫలితాల్లో అడుగుకు తోసేసింది. ఆ సైట్లు పోతే నాకు దిగులు లేదు. వాటికి వ్యాసానికి ఇంత చొప్పున రాసిపెట్టినవాళ్ల పని కూడా పోయింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కాబట్టి బ్లాగుల డబ్బు కావాలంటే వేరేవాళ్ల బ్లాగులకు, ముఖ్యంగా వస్తువో సేవో అమ్మే సంస్థల బ్లాగులకు రాయండి. మీ పేరు ఉండదు. పేరు కావలసినప్పుడు పత్రికలున్నాయి.

పదానికి ఇంత అని లెక్కగట్టే పద్ధతికి మాత్రం ఒప్పుకోకండి. పొడుగ్గా రాసినవాడికి బహుమానం, చక్కగా కుదించినవాడికి జరిమానా. తెలుగులో అయితే మరీ అన్యాయం: పదాలు విడగొట్టి రాసేవాడికి ఎక్కువ, కలిపి రాసేవాడికి తక్కువ. వ్యాసానికి ఇంత అని మాట్లాడుకోండి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ పని ముగిసిపోయిందని అందరూ నాకు సానుభూతి చెబుతున్నారు. నాలుగు సైట్లు చూసి ఐదోది తయారుచేసే పని ముగిసింది, నిజమే. మనిషి దగ్గరికి వెళ్లి కూర్చుని, చూసి, అడిగి రాసే పని ఎక్కడికీ పోలేదు. నా చిరాకు వేరే. మన వ్యాసాన్ని ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేసి “ఇది యంత్రం రాసిందని చూపిస్తోంది” అని బిల్లు ఆపేవాళ్లు తయారయ్యారు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే అలాంటి గుర్తింపు సాధనాన్ని 2023 జనవరిలో విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందని అదే ఏడాది జూలైలో వెనక్కి తీసుకుంది. ఈ సంగతి చెప్పినా వినని ఒక క్లయింటుకు నా చేతిరాత నోట్సు, ఇంటర్వ్యూ రికార్డింగు పంపాల్సి వచ్చింది. అప్పటి నుంచి నోట్సు పుస్తకాలేవీ పారేయడం లేదు.

ఉద్యోగం మానేయడం గురించి కూడా అడిగారు. ఈ నెల రాసినదానికి డబ్బు ఈ నెలలో రాదు. అందుకని రావలసిన బిల్లుల పట్టీ చూసుకుని మురిసిపోయి రాజీనామా ఇవ్వకండి. ఖాతాలో నిజంగా పడిన డబ్బుతోనే ఇంటి ఖర్చులు వెళ్తున్నాయా అని వరుసగా కొన్ని నెలలు చూసుకుని అప్పుడు ఇవ్వండి. అప్పటిదాకా సెలవు రోజుల్లో రాయండి, చాలామంది అలాగే మొదలుపెట్టారు.