పికప్‌కు డోర్ వైజర్లు: రాణీగంజ్‌లో కొనాలా, అమెరికాలోనా?

ప్రశ్న: మాది హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్. వచ్చే నెల హ్యూస్టన్ వెళ్తున్నాను. అక్కడ మా పెదనాన్నగారి అబ్బాయి తన పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ నాకు ఇస్తున్నాడు. అక్కడ వానలు ఎక్కువని, డోర్ వైజర్లు (వానలోనూ అద్దం కొంచెం దించుకునేలా కిటికీల పై అంచున బిగించే ప్లాస్టిక్ రెక్కలు) రాణీగంజ్‌లో కొని పట్టుకెళ్లమని నాన్న పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వైజర్లు తప్పకుండా పెట్టించుకోండి, కానీ హైదరాబాద్‌లో మాత్రం కొనకండి. ఎఫ్-150 మన దేశంలో అమ్మరు. రాణీగంజ్‌లో పికప్ వైజర్లు అడిగితే హైలక్స్‌వో, ఇసుజు వీ-క్రాస్‌వో చూపిస్తారు. వాటి తలుపుల వంపు వేరు. నాన్నగారికి ఈ మాట చెబితే అర్థం చేసుకుంటారు.

అమెరికాలో ఆన్‌లైన్‌లో గానీ, ఆటో పార్ట్స్ షాపులో గానీ దొరుకుతాయి. కొనేముందు మీ అన్నయ్యను రెండు విషయాలు అడగండి: బండి ఏ సంవత్సరం మోడల్, క్యాబ్ (మనుషులు కూర్చునే భాగం) ఏ రకం. ఎఫ్-150 ఆకారం 2015లో ఒకసారి, 2021లో మరోసారి మారింది. సూపర్‌క్రూ అనే క్యాబ్‌కి నాలుగూ పూర్తి తలుపులే. సూపర్‌క్యాబ్‌కి వెనక తలుపులు చిన్నవి, వెనక్కి తెరుచుకుంటాయి. ఒకదాని సెట్ ఇంకోదానికి పట్టదు.

వైజర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి అద్దం జారే రబ్బరు గాడిలో దూర్చేది, రెండోది తలుపు ఫ్రేమ్ మీద టేపుతో అంటించేది. నా ఓటు మొదటిదానికే. పెయింట్ మీద జిగురు పడదు, వద్దనుకుంటే లాగేయొచ్చు. ముందు ఒక కొస గాడిలో పెట్టి, వైజర్‌ను మధ్యలో కొంచెం వంచి, రెండో కొస దూర్చి, పై అంచును వేళ్లతో నొక్కుకుంటూ రావాలి. తర్వాత అద్దం మెల్లగా పైకెత్తండి. ఇక్కడే కొత్తవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది: అద్దం పైదాకా వెళ్లి, మళ్లీ దానంతటదే కిందికి దిగిపోతుంది. మోటారు పాడవలేదు. చెయ్యి ఇరుక్కుందనుకుని సెన్సర్ వెనక్కి తిప్పుతోంది, అంతే. స్విచ్ పైకి లాగి పట్టుకుని అద్దం పూర్తిగా మూయండి, ఒకట్రెండు రోజులు దించకండి. రబ్బరు సర్దుకుంటుంది.

టేపు రకమే తీసుకుంటే మాత్రం తొందర పనికిరాదు. బండి కడిగి, ఆరాక, అంటించే చోటంతా ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మైనం పాలిష్ కొంచెం మిగిలినా టేపు పట్టదు. టేపు పైన కాగితం తీయకుండా ఒకసారి పెట్టి సరిచూసుకున్నాకే అంటించండి. 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య టేపు బాగా పట్టుకుంటుంది. 10 కంటే తక్కువుంటే ఆ పని ఇంకో రోజు పెట్టుకోండి. ఈ రకం టేపుకు పూర్తి బలం రావడానికి 72 గంటలు పడుతుంది. అప్పటిదాకా కార్‌వాష్ జోలికి వెళ్లొద్దు.

ఇక వాడకం. అద్దం దించాల్సింది వేలు మందం మాత్రమే. అద్దం పై అంచు వైజర్ కింది అంచుకంటే కిందికి దిగితే జల్లు ఒళ్లో పడుతుంది. ఫ్రీవే మీద ఆ సందుతో హోరు వస్తుంది, అక్కడ మూసేయడమే మంచిది. వానలో ముందు అద్దం మసకబారితే కిటికీ సందును నమ్ముకోకండి. ఏసీ వేసి డీఫ్రాస్ట్ (ముందు అద్దం మీదికి గాలి కొట్టే బటన్) నొక్కండి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే మళ్లీ తిప్పడం) ఆపండి.

ఎండలో పార్క్ చేసినప్పుడు సందు ఉంచితే వేడి గాలి కొంత బయటికి పోతుంది. ఆ ధైర్యంతో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా బండిలో వదలకండి. కిటికీ కొంచెం తెరిచినంత మాత్రాన లోపలి వేడి ప్రాణం నిలిపేంతగా తగ్గదు. ఇంకో మాట కూడా గట్టిగా చెప్తాను. పికప్ ఎత్తుగా ఉంది కదా అని పారే నీళ్లలోకి దించకండి. రెండడుగుల ప్రవాహం చాలు, పికప్‌ను కూడా లాక్కుపోతుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో కార్లు ఎలా కొట్టుకుపోయాయో మీరు చూసే ఉంటారు.

టేపు వైజర్ ఎప్పుడైనా తీయాల్సి వస్తే లాగి పీకకండి. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారాన్ని వెనక రంపంలా ఆడించండి. పెయింట్ పోకుండా ఊడి వస్తుంది.