గడువు ముందు, ప్రసంగం తర్వాత

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మొదటిసారి లోక్‌సభకు ఎన్నికైన సభ్యుడి దగ్గర పార్లమెంటు పనులు చూసే సహాయకురాలిగా చేరావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ పనిలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కనుక, నాకు ఎవరూ ముందుగా చెప్పని కొన్ని సంగతులు నీకు రాస్తున్నాను. మన సభ్యుడు ఎంత బాగా మాట్లాడతాడన్నది తర్వాతి సంగతి. ఆయనకు మాట్లాడే వంతు రావాలంటే ఏ కాగితం ఏ తేదీలోగా లోక్‌సభ సచివాలయానికి చేరాలో ముందు నీకు తెలిసి ఉండాలి.

రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని రాజ్యాంగంలోని 85వ అధికరణం చెబుతుంది. ఏటా ఇన్ని రోజులు సభ జరగాలని మాత్రం ఎక్కడా లేదు. బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాలన్న వరుస ఆనవాయితీగా వస్తున్నదే. తేదీలను మంత్రివర్గ పార్లమెంటరీ వ్యవహారాల సంఘం సూచిస్తే రాష్ట్రపతి సభలను పిలుస్తారు. మొదటి లోక్‌సభ 677 రోజులు సమావేశమైంది; పదిహేడవ లోక్‌సభ అయిదేళ్లూ పూర్తిచేసి కూడా 274 రోజులే కూర్చుంది. ఈ తగ్గుదల నన్ను నిజంగా బాధిస్తుంది, ఎందుకంటే సభ జరగని ప్రతి రోజూ ఏదో ఒక నియోజకవర్గం అడగవలసిన ప్రశ్న అడగకుండానే మిగిలిపోతుంది. ఉన్న కొద్ది రోజులను వృథా కానివ్వకుండా చూడడం నీ పని.

సమావేశాల తేదీలు ప్రకటించిన రోజే మంత్రిత్వ శాఖల పట్టిక తీసుకో. శాఖలన్నిటినీ అయిదు గుంపులు చేసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొక గుంపుకు ప్రశ్నలు కేటాయిస్తారు. మన జిల్లా రైల్వే వంతెన గురించి అడగాలంటే రైల్వేకు ఏ రోజు పడిందో చూసి, ఆ రోజు నుంచి పదిహేను రోజులు వెనక్కు లెక్కపెట్టి, ఆ తేదీని గోడమీద రాసిపెట్టుకో. ఒక సభ్యుడి పేరున ఒక రోజుకు అయిదు ప్రశ్నలకు మించి జాబితాలోకి రావు. వాటిలో మంత్రి లేచి నోటితో జవాబివ్వవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్న ఒక్కటే ఉండవచ్చు. లోక్‌సభలో రోజుకు అటువంటివి ఇరవై మాత్రమే, ఏవి రావాలో లాటరీ తేలుస్తుంది. ఆ ఇరవైలోనూ ప్రశ్నలకు కేటాయించిన గంటలో సభ దాకా వచ్చేవి కొన్నే కనుక, జాబితాలో వెనుక పడిన ప్రశ్నకు లిఖితపూర్వక జవాబు వచ్చినప్పుడు దాన్ని చదివి దాచు. తర్వాతి సమావేశంలో అడగవలసిన ప్రశ్న చాలాసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది. ప్రశ్నల గంట తర్వాత సభ్యులు అత్యవసర విషయాలు ఎత్తే జీరో అవర్‌లో వంతు దొరకడం కష్టమైనప్పుడు 377వ నిబంధనను చిన్నచూపు చూడకు. రెండువందల యాభై మాటల్లో ఊరి సమస్యను రాసి ఇస్తే అది సభ రికార్డుల్లోకి ఎక్కుతుంది, సంబంధిత మంత్రి నుంచి సభ్యుడికి ఉత్తరం వస్తుంది. ఓటు వేసిన ఊరివాళ్లకు చూపించడానికి ఆ ఉత్తరాన్ని మించినది లేదు.

ఏ బిల్లుకు ఎన్ని గంటలన్నది సభాపతి అధ్యక్షతన ఉండే పదిహేనుమంది సభ్యుల కార్యక్రమ సలహా సంఘం, అంటే అందరూ బీఏసీ అనేది, నిర్ణయిస్తుంది. ఆ గంటలను పార్టీలకు వాటి బలాన్ని బట్టి పంచుతారు. నాలుగు గంటల చర్చలో పదహారుమంది సభ్యులున్న పార్టీకి లెక్క ప్రకారం ఏడు నిమిషాలు వస్తాయి; అందులో ఇద్దరు మాట్లాడితే మన సభ్యుడికి మూడున్నర. అందువల్ల ప్రసంగాన్ని ఎప్పుడూ మూడు నిమిషాలకు రాయి, మొదటి వాక్యంలోనే అసలు కోరికను పెట్టు. గంట మోగేసరికి మిగిలినదంతా పోయినా ఫరవాలేదు. వచ్చే వారం ప్రభుత్వం ఏయే బిల్లులు చేపట్టబోతున్నదో పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి లోక్‌సభలో శుక్రవారం ప్రకటిస్తారు. అది విన్న సాయంత్రమే పని మొదలుపెట్టు, సోమవారం దాకా ఆగకు.

బిల్లుల దగ్గరే నీకు ఎక్కువ ఓపిక కావాలి. ప్రవేశపెట్టడం, చర్చకు తీసుకుని అంశాలవారీగా పరిశీలించడం, ఆమోదించడం అనే మూడు దశల్లో రెండోదే కీలకం. చర్చకు రెండు రోజుల ముందు బిల్లు ప్రతులు సభ్యులకు అందాలన్నది నియమం, కానీ సభాపతి దాన్ని సడలించవచ్చు. 2021 నవంబరు 29న వ్యవసాయ చట్టాల రద్దు బిల్లును సమావేశాల మొదటి రోజే రెండు సభలూ చర్చ లేకుండా ఆమోదించిన సంగతి గుర్తుంచుకుంటే, జాబితాలో పేరు కనిపించగానే బిల్లు చదవాలని ఎందుకు అంటున్నానో నీకే అర్థమవుతుంది. సవరణల నోటీసు చర్చకు ఒక రోజు ముందు ఇవ్వాలి. సవరణ ఓడిపోతుందని తెలిసినా రాసి ఇప్పించు. మన సభ్యుడు ఏ అంశానికి అడ్డుపడ్డాడో, దాని స్థానంలో ఏం కోరాడో సభ రికార్డు చెబుతుంది. బిల్లు దాన్ని వివరంగా పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘానికి వెళ్లి వచ్చినదైతే ఆ సంఘం నివేదికను, ముఖ్యంగా చివర ఒప్పుకోని సభ్యులు రాసే అసమ్మతి పత్రాలను, తప్పక చదువు. కొందరు వాటిని తిప్పి కూడా చూడరు. బిల్లులోని లొసుగులు ఎక్కువగా అక్కడే బయటపడతాయి.

ఒక సభలో గెలిచిన బిల్లు చట్టమైనట్టేనని ఎవరైనా అంటే నమ్మకు. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించిన మహిళా రిజర్వేషన్ల బిల్లు లోక్‌సభ ముందు పెండింగులో ఉండిపోయి, 2014లో ఆ సభ రద్దవడంతో మురిగిపోయింది. 2023 సెప్టెంబరులో కొత్తగా బిల్లు తెస్తే లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారు. మధ్యలో పదమూడేళ్లు గడిచాయి.

నోటీసు ఇచ్చినంత మాత్రాన విషయం సభ ముందుకు రాదనడానికి మన రాష్ట్రం వాళ్ల అనుభవమే ఉంది. 2018 మార్చిలో ఆంధ్రప్రదేశ్ పార్టీలు ఇచ్చిన అవిశ్వాస తీర్మానాల నోటీసులు, సభ అదుపులో లేనందున అనుమతికి కావలసిన, మద్దతుగా లేచే యాభైమందిని లెక్కించడం కుదరదన్న కారణంగా, ఆ సమావేశాలు ముగిసేదాకా చేపట్టకుండానే ఉండిపోయాయి. జులైలో మళ్లీ నోటీసు ఇస్తే 18న అనుమతి వచ్చింది. 20న చర్చ జరిగి 126–325 తేడాతో తీర్మానం వీగిపోయింది. సమావేశాలు ముగిస్తే ఇలాంటి నోటీసులు మిగలవు, మళ్లీ మొదటి నుంచి ఇచ్చుకోవలసిందే.

ఓటింగు రోజున మన సభ్యుడు ఎక్కడున్నాడో నిమిషం నిమిషం నీకు తెలియాలి. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. అప్పుడు ఎవరు అవునన్నారో, ఎవరు కాదన్నారో పేర్లవారీగా రికార్డు మిగలదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ బిల్లును ఆమోదించింది మూజువాణి ఓటుతోనే. తెలుగువాళ్ల తలరాతను మార్చిన ఆ రోజున ఎవరు ఎటు నిలిచారన్న లెక్క లేకపోవడం, బిల్లును కోరుకున్నవాళ్లకైనా వద్దన్నవాళ్లకైనా, లోటేనని నా గట్టి అభిప్రాయం. ఓట్ల విభజన కోరితే లాబీలు ఖాళీ చేయిస్తారు, గంట మోగుతుంది, మూడున్నర నిమిషాలకు ప్రశ్నను మళ్లీ సభ ముందు పెడతారు. క్యాంటీనులో ఉన్న మనిషి సీటు దగ్గరకు చేరడానికి ఆ వ్యవధి చాలా చిన్నది. 1999 ఏప్రిల్ 17న, మన బాలయోగి గారు సభాపతిగా ఉండగా, 269–270తో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది.

బడ్జెట్ పద్దుల సంగతి క్లుప్తంగా చెబుతాను: చర్చకు ఎంచుకునే శాఖలు కొన్నే, మిగిలిన పద్దులన్నిటినీ ఆఖరి రోజున చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెడతారు, దాన్నే గిలెటిన్ అంటారు. మన శాఖ అందులో పడేలా ఉంటే పద్దును తగ్గించమని కోరే కోత తీర్మానాల మీద ఆశ పెట్టుకోకుండా ప్రశ్నల ద్వారానే పని సాధించు.

ఇక శుక్రవారం. ఆ రోజు చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి, అంటే మంత్రులు కాని సభ్యులవి. వాళ్ల బిల్లులు ఇంతవరకు చట్టాలైనవి పద్నాలుగే, చివరిది 1970లో. అయినా ఆ గంటలను వదులుకోవద్దు, ప్రభుత్వం తలపెట్టని చట్టాన్ని సభలో చర్చకు పెట్టడానికి వేరే చోటు లేదు. నేను ఒకసారి వదులుకున్నాను. నెల రోజుల నోటీసుతో, ఎంతో కష్టపడి రాయించిన బిల్లు లాటరీలో పైకి వచ్చింది. ఆ శుక్రవారం జాబితాలో మా బిల్లు మూడోదన్న ధీమాతో మధ్యాహ్నం విమానంలో హైదరాబాదు వెళ్లండని సభ్యుడికి నేనే చెప్పాను. ముందున్న రెండూ నేను అనుకున్న దానికంటే త్వరగా ముగిశాయి. ఆయన పేరు పిలిచారు, కుర్చీ ఖాళీగా ఉంది, సభ తర్వాతి బిల్లుకు వెళ్లిపోయింది. ఆ బిల్లు కోసం ఊరి నుంచి అర్జీలు పట్టుకొచ్చిన రైతులకు నేను ఏం చెప్పానో ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. శుక్రవారం ఆరు గంటలకు ముందు బయలుదేరే టిక్కెట్టు ఎవరు అడిగినా తీయవద్దు.

సమావేశాల తేదీలు రాగానే నువ్వు వేసుకున్న గడువుల పట్టికను, మొదటి వారానికి రాసిన ప్రశ్నలను ఫోనులో నాకు పంపు. నోటీసు ఇచ్చేలోపు చదివి, పొరపాట్లుంటే అదే రాత్రి తెలియజేస్తాను.

ఇట్లు,
మీ మామయ్య