కొంగ రెక్కలు సున్నం కొట్టినట్టు వస్తున్నాయి

ప్రశ్న: అన్నా, శింగనమల చెరువు కాడ ఎర్రకాళ్ల కొంగల్ని (పెయింటెడ్ స్టార్క్) ఫోటో తీస్తున్నా, 70-300 లెన్స్, ఆటో మోడ్. రెక్కలు సున్నం కొట్టినట్టు వస్తున్నాయి, ఒక్క ఈకా తెలీట్లేదు. దగ్గరికి పోతే లేచిపోతాయి. పెద్ద లెన్స్ కొనాల్సిందేనా? వీరాపురంలో అయితే దగ్గర్నుంచే దొరుకుతాయంట, నిజమేనా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: లెన్స్ ఇప్పుడే కొనొద్దు తమ్ముడూ. కొంగ వెనక నీళ్లు, తుమ్మచెట్లు నల్లగా ఉంటే కెమెరా అంతా చీకటే అనుకుని వెలుతురు పెంచేస్తుంది, దాంతో తెల్ల ఈకల గీతలన్నీ పోతాయి, పూర్తిగా పోయాక ఎడిటింగ్‌లో కూడా రావు. ఆటో వదిలేసి అపర్చర్ ప్రయారిటీ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో నువ్వు పెడితే షట్టర్ కెమెరా చూసుకునే మోడ్) పెట్టు, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 కాడ మొదలుపెట్టి, హైలైట్ అలర్ట్ (మరీ తెల్లబడిన చోటు తెర మీద మినుకుమనేది) ఆన్ చేసుకుని రెక్కల మీద ఆ మినుకుమినుకు ఆగేదాకా తగ్గించుకుంటా పో. ఆకాశంలో ఎగిరేదానికి మాత్రం వెనక వెలుగుకి పక్షి నల్లబడుతుంది కాబట్టి ప్లస్ కావాలి, షట్టర్ 1/1600 సెకను ఉండాల, దానికోసం ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరిగినా పర్లేదు.

ఇంక దగ్గరికి నువ్వు పోవద్దు, దాన్నే రానీ. ఎర్రకాళ్ల కొంగ చేపను చూసి పట్టదు, ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ తిప్పుకుంటా లోతు లేని చోటే నడుస్తుంది, చేప తగిలిందా టక్కున మూస్తుంది. తెల్లారకముందే పోయి, పొద్దు నీ వీపు మీద పడేలా నీళ్ల అంచున కూర్చుని, లెన్స్ నీళ్ల మట్టానికి దించి కదలకుండా ఉండు, అదే మేసుకుంటా వస్తుంది, తలెత్తి చేపను మింగేటప్పుడు నొక్కు. తొమ్మిది దాటితే మన ఎండకి గాలి అలలాడుతుంది, లక్షల లెన్స్ పెట్టినా షార్ప్ రాదు, సర్దుకుని ఇంటికి పో.

చిలమత్తూరు మండలం వీరాపురంలో దగ్గర్నుంచే దొరుకుతాయి, నిజమే. ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు పెట్టుకుంటాయి, ఊరోళ్లు తరతరాలుగా వాటిని కాపాడుకుంటా వచ్చినారు. కానీ ఎండపూట తల్లి రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది, నువ్వు చెట్టు కిందికి పోయి అది లేచిపోయిందంటే పిల్లలు ఎండకి మాడతాయి, కాకులు గూట్లో దిగుతాయి. రోడ్డు మీద నుంచే తియ్యి, మిద్దె ఎక్కాలంటే ఇంటోళ్లని అడుగు, డ్రోన్ ఊసే వద్దు. ఎగిరే ఫోటో కోసం ఒకాయన చప్పట్లు కొట్టి లేపుతుంటే చూసి నాకు కడుపు మండిపోయింది. మేతకి పోయి గూటికి తిరిగొచ్చేవి ఎన్ని లేవు! అవి గాలికి ఎదురుగా దిగుతాయి, అందుకే గాలి నీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడు, మొహం నీకు ఎదురుగానే ఉంటుంది.