క్యూబు పగిలే చోట మొదలుపెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కాంక్రీటు బలాన్ని మెషీన్ లెర్నింగ్‌తో అంచనా వేసే విషయం మీద పీహెచ్‌డీ మొదలుపెడుతున్నానని నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఏ అల్గారిదమ్ మంచిదని అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా కాంక్రీటు ల్యాబ్‌లో పనిచేసి, చివరి పదేళ్లు ఇదే రకం పరిశోధన చేసే విద్యార్థులకు గైడుగా ఉన్నవాణ్ణి కనుక, ఆ ప్రశ్నకు జవాబును కాస్త వెనక్కి నెట్టి, నీ డేటా పట్టికలోని ఒక్కొక్క వరుస ఎలా పుట్టిందో ముందు తెలుసుకోమంటున్నాను.

అందుకోసం ఒక నెల రోజులు ల్యాబ్‌లో ఉండి బలం పరీక్షించే కాంక్రీటు ఘనాలను, అంటే క్యూబులను, నీ చేతులతో పొయ్యి. 150 మిల్లీమీటర్ల అచ్చులో కాంక్రీటు నింపి, మరునాడు అచ్చు విప్పి, 28 రోజులు నీళ్లతొట్టిలో ఉంచిన క్యూబును నొక్కి పగలగొట్టే యంత్రంలో పెట్టేటప్పుడు, తాపీతో చదును చేసిన పైముఖం పక్కకు వచ్చేలా తిప్పి పెట్టాలి. ఆ ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక దాని మీద భారం పడితే క్యూబు ముందే పగులుతుంది. భారాన్ని నిమిషానికి చదరపు మిల్లీమీటరుకు 14 న్యూటన్ల చొప్పున పెంచాలి. ఆపరేటరు తొందరపడి వేగం పెంచితే బలం ఉన్నదానికంటే ఎక్కువగా నమోదవుతుంది. సరిగా పగిలిన క్యూబు నాలుగు పక్కలూ రాలిపోయి, నడుము సన్నబడిన డమరుకంలా మిగులుతుంది. ఒక మూల మాత్రమే చిట్లితే ఆ అంకెను అనుమానించాలి. ఇవేవీ పట్టికలో కనిపించవమ్మా, అక్కడ కనిపించేది ఒక్క అంకె మాత్రమే.

మూడు క్యూబుల సగటును ఒక నమూనా ఫలితంగా తీసుకుంటారు; వాటిలో ఏ ఒక్కటీ ఆ సగటుకు 15 శాతం మించి తేడాగా ఉండకూడదని కాంక్రీటుకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అంటే సగటు 30 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు) అయితే ఒక క్యూబు నాలుగున్నర దాకా ఎక్కువో తక్కువో వచ్చినా ఫలితం చెల్లుతుంది. ఇటువంటి కొలతల నుంచి నేర్చుకున్న మోడల్ అర మెగాపాస్కల్ తేడాతో బలం చెబుతోందంటే, ఆ రోజు వ్యాసం రాయడానికి కూర్చోకుండా పొరపాటు వెతకడానికి కూర్చో.

నీళ్ల అంకెను మరీ జాగ్రత్తగా చూడు. ఘనమీటరు కాంక్రీటులో 360 కిలోల సిమెంటు, 180 కిలోల నీళ్లు ఉంటే నీరు, సిమెంటుల నిష్పత్తి 0.50 అవుతుంది. అందులో వేసిన 700 కిలోల ఇసుకలో 3 శాతం తడి ఉండి, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోతే మరో 21 కిలోల నీళ్లు చేరి నిష్పత్తి 0.56కు పోతుంది. ఈ నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని అమెరికన్ పరిశోధకుడు డఫ్ ఆబ్రామ్స్ 1918లోనే చూపించారు. కాబట్టి వానాకాలంలో సైటు నుంచి వచ్చిన రికార్డు చేతికి అందగానే, ఇసుక తడిని కొలిచారా లేదా అన్నది నీ మొదటి ప్రశ్న కావాలి.

ఇక నిన్ను గట్టిగా హెచ్చరించవలసిన విషయం ఒకటుంది. ఈ రంగంలో అందరూ వాడే పట్టిక తైవాన్‌కు చెందిన ఐ-చెంగ్ యే సేకరించినది. ఆయన 1998లో న్యూరల్ నెట్‌వర్క్ అనే మెషీన్ లెర్నింగ్ పద్ధతితో చేసిన పని నుంచి వచ్చింది. అందులో 1,030 వరుసలు, ఎనిమిది ఇన్‌పుట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి కాంక్రీటు వయసు. ఒకే మిక్స్‌ను, అంటే ఒకే పాళ్లలో కలిపిన కాంక్రీటును, 3, 7, 28, 90 రోజులకు పరీక్షించినప్పుడు అవి వేర్వేరు వరుసలుగా నమోదయ్యాయి. వరుసలను యథాలాపంగా కలిపి, మోడల్ నేర్చుకునే ట్రైనింగ్‌కు, దాన్ని పరీక్షించే టెస్టుకు విడదీస్తే, టెస్టులోని మిక్స్ ట్రైనింగ్‌లో మరో వయసుతో అప్పటికే ఉంటుంది, కనుక మోడల్ తనకు తెలిసిన మిక్స్‌నే మళ్లీ చెబుతుంది. నా దగ్గర పనిచేసిన ఒక విద్యార్థి విషయంలో నేనే ఈ తప్పు గమనించలేదు. ఫలితాలు అద్భుతంగా ఉన్నాయని ఇద్దరమూ పొంగిపోయాం. థీసిస్ సమర్పించే ముందు, ఒక మిక్స్‌కు చెందిన వరుసలన్నీ ఒకే వైపు ఉండేలా మళ్లీ విడదీసి చూస్తే అంచనాలోని దోషం దాదాపు రెట్టింపయింది, రెండు అధ్యాయాలు తిరగరాయవలసి వచ్చింది. ఆ పిల్లవాడు పోగొట్టుకున్న ఆరు నెలలకు బాధ్యత నాదేనని ఈనాటికీ అనుకుంటాను. నువ్వు మొదటి రోజు నుంచే మిక్స్ వారీగా విడదియ్యి. వీలైతే ఒక ల్యాబ్ డేటా మొత్తాన్ని పక్కనపెట్టి, చివరలో ఒక్కసారి మాత్రమే దాని మీద పరీక్షించు.

ఇప్పుడు నువ్వడిగిన అల్గారిదమ్ సంగతికి వస్తాను. వెయ్యి వరుసల పట్టికకు చాలా నిర్ణయ వృక్షాలను కలిపి అంచనా వేసే ర్యాండమ్ ఫారెస్ట్, ఎక్స్‌జీబూస్ట్ వంటివి సాధారణంగా సరిపోతాయి. అయితే వాటికంటే ముందు, ఆబ్రామ్స్ చెప్పిన నీరు, సిమెంటుల నిష్పత్తిని, వయసు లాగరిథమ్‌ను మాత్రమే తీసుకునే చిన్న సమీకరణాన్ని కట్టి, నీ మోడల్ దానికంటే ఎంత మెరుగో చెప్పు. ర్యాండమ్ ఫారెస్ట్ తాను చూసిన బలాల హద్దు దాటి ఏమీ చెప్పలేదు. ఫ్లైయాష్ (సిమెంటుకు తోడుగా కలిపే బొగ్గు బూడిద) నువ్వు ట్రైనింగ్‌లో చూపించినదానికంటే బాగా ఎక్కువగా ఉన్న మిక్స్ ఇచ్చినా ఏదో ఒక అంకె ఇస్తుందే తప్ప తనకు తెలియదని చెప్పదు. మిగతావి మార్చకుండా నీళ్లు పెంచినప్పుడు బలం పెరుగుతుందని మోడల్ చెబితే దాన్ని నమ్మవద్దు. ఆ దిశను ముందే కట్టడి చేసే వీలు ఎక్స్‌జీబూస్ట్‌లో ఉంది, వాడుకో.

సగటు దోషం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. 25 మెగాపాస్కల్ బలం ఉండవలసిన ఎం25 కాంక్రీటుకు మనం 25 కాక 31.6 మెగాపాస్కల్ గురి పెట్టుకుని మిక్స్ తయారుచేసేది, నూటికి ఐదుకు మించి ఫలితాలు 25 కంటే కిందికి పోకూడదనే. బలాన్ని తక్కువగా చెప్పే మోడల్ వల్ల కొంత సిమెంటు వృథా అవుతుంది, ఎక్కువగా చెప్పే మోడల్ వల్ల స్లాబు కింద నిలబడే మనుషులకు ప్రమాదం వస్తుంది. ఈ రెండు దోషాలనూ విడివిడిగా లెక్కగట్టి చూపించు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు నీ పట్టికను, దానికి మూలమైన ల్యాబ్ రిజిస్టరు నకలును తీసుకురా. ఇద్దరం కూర్చుని మొదటి యాభై వరుసలను రిజిస్టరుతో సరిచూద్దాం.

ఇట్లు,
నీ మామయ్య