‘నేనెవరు’ అని ఎంత అనుకున్నా నిద్రే వస్తోంది: సమాధానం

తమ్ముడూ, మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాస్తానని, పొద్దున్నే కూర్చొని ‘నేనెవరు, నేనెవరు’ అని ఎంత అనుకున్నా తల బరువెక్కి నిద్ర ముంచుకొస్తోందని రాశావు కదా. ముందు ఆ జపం ఆపెయ్. 1896లో మదురైలో, 16 ఏళ్ళ వయసులో చావు భయం పట్టుకున్నప్పుడు రమణ మహర్షి మంత్రమేదీ పట్టుకోలేదు, చచ్చేది శరీరం, మరి నేను? అని లోపలికి చూశారు, తర్వాత వచ్చినవాళ్ళకు చెప్పింది కూడా అదే: ఆలోచన వస్తే దాని వెంట పోకుండా ఇది ఎవరికి వచ్చిందని అడుగు, ‘నాకు’ అని తోస్తుంది, ఆ ‘నేను’ దగ్గరే ఆగు. మాటల్లో జవాబు రాదు. ‘నేను ఆత్మను’ అని చెప్పుకున్నా అదీ ఇంకో ఆలోచనే (సత్సంగాల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు).

ఇక ఆ మత్తును లయం అంటారు, మనసు కాసేపు అణుగుతుంది, లేవగానే మళ్ళీ మామూలే. అలా అయితే లేచి ముఖం కడుక్కొని నడుస్తూ చూడు. నన్నడిగితే, లారీ లెక్కలో తేడా వచ్చి సేటు అరిచినప్పుడు ‘ఈ కోపం ఎవరికి?’ అని చూస్తే ఆ ‘నేను’ ఇంకా తేలిగ్గా దొరుకుతుంది.

తల బరువు రోజూ ఉంటే మాత్రం ఒకసారి కళ్ళు టెస్ట్ చేయించుకో.