పాత ఇంటికి కొత్త గది కలిపితే అతుకు దగ్గర పగులు ఎందుకొస్తుంది?

పాత ఇంటి పక్కనే ఒక గది కట్టి కలిపేశాక, ఆ రెండూ కలిసిన చోట గోడ నిలువుగా పగలడం మామూలే. మేస్త్రీ పనితనం బాగాలేదనుకుంటాం. చాలాసార్లు తప్పు అతనిది కాదు, డిజైన్‌ది.

ఏ కట్టడమైనా బరువు పడ్డాక నేలలోకి కొద్దిగా కుంగుతుంది. పాత ఇల్లు ఆ కుంగుడంతా ఎప్పుడో కుంగేసింది, కొత్త గది ఇప్పుడే మొదలుపెడుతోంది. ఇసుక నేలలో ఇది గది కడుతుండగానే దాదాపు అయిపోతుంది. తడి బంకమట్టిలో ఏళ్ల తరబడి సాగుతుంది. ఒకటి కదలకుండా ఉండి, రెండోది దిగుతూ ఉంటే మధ్యలో గోడ చీలక ఏం చేస్తుంది?

అందుకే రెండు గోడల్నీ సిమెంటుతో బిగించెయ్యకుండా పునాది నుంచి పైకప్పు దాకా సన్నని సందు వదులుతారు. అందులో నొక్కితే నొక్కుకునే ఫోమ్ పెట్టి, పైన సాగే సీలెంట్ పూస్తారు. కప్పు మీద ఆ సందుకు రేకు మూత తప్పనిసరి. అది మర్చిపోతే పగులు టెన్షన్ పోయి చెమ్మ టెన్షన్ పట్టుకుంటుంది.

కొత్త పునాది పాతదానికంటే లోతుగా వెళ్లాల్సి వస్తే మాత్రం జాగ్రత్త. గోడ పొడవునా ఒకేసారి తవ్వితే పాత పునాది కింది మట్టి జారిపోవచ్చు. కొంచెం తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాకే పక్క ముక్కకు వెళ్లాలి. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని ప్లాన్ గీసేటప్పుడే పిలవండి, తవ్వకం మొదలయ్యాక కాదు.

అన్నట్టు, కొత్త గది పాత గది కిటికీని మూసేస్తోందేమో కూడా చూసుకోండి. అలాగైతే కప్పులో గాజు పలకైనా పెట్టాలి, మధ్యలో కాస్త ఖాళీ జాగా అయినా వదలాలి.