వానాకాలంలో బోరోహైడ్రైడ్

ప్రశ్న: ల్యాబులో బెంజోఫినోన్‌ను సోడియం బోరోహైడ్రైడ్‌తో బెంజ్‌హైడ్రాల్‌గా మారుస్తున్నాం. ఎండాకాలంలో బాగానే వచ్చింది. వానలు పట్టాక అదే లెక్కన వేసినా బెంజోఫినోన్ చాలావరకు మిగిలిపోతోంది. మిథనాల్లో పొడి వేయగానే బుడగలు మాత్రం జోరుగా వస్తున్నాయి. లోపం ఎక్కడ?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, బరంపురం, ఒడిశా

జవాబు: ఆ బుడగలు హైడ్రోజన్‌వి. కీటోన్‌కు, అంటే మీ బెంజోఫినోన్‌కు, చేరాల్సిన హైడ్రైడ్ (బోరోహైడ్రైడ్ ఇచ్చే ఋణావేశపు హైడ్రోజన్) మిథనాల్‌తో కలిసి గాల్లోకి పోతోందన్నమాట. దానికి తోడు మీది సముద్రం పక్క ఊరు. డబ్బా మూత తీసి తూచేలోపే పొడి తేమ పీల్చేస్తుంది. గడ్డలు కట్టిందంటే కొంత బోరేట్‌గా, అంటే ఈ పనికి పనికిరాని బోరాన్ లవణంగా, మారిపోయి ఉంటుంది. త్రాసు మీద బరువు సరిపోయినా అందులో పనిచేసే సరుకు తక్కువే.

ఒక మోల్ బోరోహైడ్రైడ్ నాలుగు మోళ్ల కీటోన్‌కు సరిపోతుంది. ఆ లెక్కన 1.82 గ్రాముల బెంజోఫినోన్‌కు 0.095 గ్రాములు చాలు, కానీ 0.2 గ్రాములు వేయండి. మిథనాల్ బదులు 20 మి.లీ. ఇథనాల్ తీసుకోండి, అందులో హైడ్రైడ్ వృథా నెమ్మదిగా జరుగుతుంది. ముందు బెంజోఫినోన్ కరిగించి, ఐసులో చల్లబరిచి, పొడిని నాలుగైదు విడతలుగా వేయాలి. తర్వాత ఐసు తీసేసి, గంటసేపు కలిపి, బెంజోఫినోన్ మిగిలిందేమో టీఎల్‌సీ (పలుచటి పొర క్రొమటోగ్రఫీ) పలకపై చూడండి. నీళ్లలో కరిగించి పోసే అలవాటుంటే మానుకోండి: 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో సగం పొడి కొన్ని సెకన్లలోనే పాడవుతుంది, పీహెచ్ 10లో అయితే దాదాపు గంట నిలుస్తుంది.

చివర్లో ఫ్లాస్కును మళ్లీ ఐసులో పెట్టి, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కచుక్కగా వేయండి. దగ్గర్లో బర్నర్ వెలగకూడదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. దానితో డైబోరేన్ పుడుతుంది. అది విషవాయువు, తేమగాలి తగిలితే తనంతట తానే అంటుకోగలదు.

వచ్చిన తెల్లటి పొడిని నీళ్లతో బాగా కడగండి, లేకపోతే బోరిక్ ఆమ్లం కలిసే ఉంటుంది. బెంజ్‌హైడ్రాల్ 65–67 డిగ్రీల దగ్గర కరగాలి. అంతకంటే ముందే మెత్తబడితే బెంజోఫినోన్ మిగిలిందని, 67 దాటినా ద్రవీభవన పరీక్ష చేసే సన్న గొట్టంలో కరగని ముక్కలు కనిపిస్తే కడగడం చాలలేదని అర్థం.

ప్రశ్న: డైబోరేన్‌ను (B₂H₆) ఈథేన్‌లా (C₂H₆) గీస్తే మార్కులు ఎందుకు పోతాయి?
– ప్లస్‌టూ విద్యార్థి, పర్లాకిమిడి

జవాబు: ఈథేన్ ఆకారానికి 14 బంధ ఎలక్ట్రాన్లు కావాలి. డైబోరేన్‌లో ఉన్నవి 12. చివర్లలోని నాలుగు హైడ్రోజన్లకు 8 పోగా మిగిలేవి నాలుగే. మధ్యనున్న రెండు హైడ్రోజన్లలో ఒక్కొక్కటి రెండు బోరాన్లనూ రెండేసి ఎలక్ట్రాన్లతోనే కలుపుతుంది. అందుకే బోరాన్ల మధ్య గీత గీయకండి, ఆ రెండు హైడ్రోజన్లను వంతెనల్లా పైనొకటి, కిందొకటి వేయండి. చివర్లలోని హైడ్రోజన్‌తో బోరాన్ బంధం పొడవు 1.19 ఆంగ్‌స్ట్రామ్‌లైతే వంతెన బంధం 1.33. బోరేన్ల (బోరాన్-హైడ్రోజన్ సమ్మేళనాల) నిర్మాణంపై పరిశోధనకే అమెరికా రసాయన శాస్త్రవేత్త లిప్స్‌కోంబ్‌కు 1976లో నోబెల్ వచ్చింది.